ఖాలా చూసిన వార్తల బొమ్మ

మొన్న మారేడ్‌పల్లి మార్కెట్లో చిక్కుడుకాయలు ఏరుకుంటుంటే ఒక నడివయసు మనిషి నన్ను పట్టి పట్టి చూస్తున్నాడు. ఈ వయసులో నన్ను చూసేవాడెవడా అని నేనూ కళ్లద్దాలు సవరించుకున్నాను. అతను దగ్గరకొచ్చి, "అమ్మా, మీరు వెనకట కార్ఖానా గల్లీల ఉండేటోళ్లు గదా? మా మేనత్తతోని సిన్మాలకు పోయేటోళ్లు గదా?" అన్నాడు.

ఆ మేనత్త ఎవరో అడగాల్సిన పని లేకపోయింది. కాపరానికి వచ్చిన కొత్తలో నేను సినిమాకు తోడు పోయింది ఒక్క ఆవిడతోనే. గల్లీలో పిల్లా పెద్దా అందరికీ ఆమె ఖాలా, అంటే పిన్ని. అసలు పేరు నేను అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు.

"ఎట్లున్నది ఖాలా?" అన్నాను.

"పోయింది అమ్మా, పోయిన నెల. తక్లీఫ్ ఏం పడలే. ముందటి రోజు సుత పక్కింట్ల టీవీల సిన్మా చూసి, తీసినోణ్ని తిట్టుకుంట వచ్చి పండుకున్నది."

తిట్టిందని విన్నాక నాకు ప్రాణం కాస్త కుదుటపడింది. ఆ తిట్లు వినడానికైనా ఒక్కసారి వెళ్లి ఉండాల్సింది అనిపించింది. బజారులో ఏడ్చే అలవాటు నాకు లేదు కాబట్టి చిక్కుడుకాయలు తూకం వేయించుకుని ఇంటికొచ్చి, వంట మానేసి కూర్చున్నాను.

ఖాలా పొడగరి. బురఖా చీలమండల పైకే ఉండేది, కింద చెప్పులు టపటపా కొట్టుకుంటూ నడిచేది. వాళ్లది మా పక్క వాటా. ఆమె మొగుడు కళాయి పని చేసేవాడు. ఇత్తడి, రాగి గిన్నెలకు లోపల తగరం పూత పెట్టడం. పిల్లలు లేరు. ఆయన పొద్దున కొలిమి రాజేసుకుని కూర్చుంటే ఈమె వాకిట్లో కూరగాయలు తరుగుతూ, వచ్చేపోయే ప్రతివాళ్లకూ కిందటి వారం చూసిన సినిమా సంగతి చెప్పేది. కథ చెప్పేది కాదు, తీర్పు చెప్పేది.

"గా పిల్ల నదిల దుంకింది, ఈతగొట్టింది, ఒడ్డుకొచ్చింది. కాటుక చెదర్లే! ఏ దుకాన్ల కొన్నదో చెప్తే నేను సుత కొందును."

ఇంకోసారి, "ఇంత పెద్ద బంగ్లా సూపెట్టిన్రు. ఏడుస్తరు, పాడుతరు, మెట్లెక్కుతరు, దిగుతరు. వంటిల్లేదీ? గాలి తిని బతుకుతరా ఏందీ?" అనేది. పళ్లెంలో అన్నం పెట్టని సినిమా ఆమె దృష్టిలో సినిమానే కాదు.

ఒకసారి తీసిన కథనే మళ్లీ తీస్తే మాత్రం ఆమెకు ఒళ్లు మండేది. ఆ రోజుల్లో బొంబాయి వాళ్లు హిందీలో తీసింది మద్రాసు వాళ్లు తెలుగులో తీసేవాళ్లు, మద్రాసు వాళ్లు తీసింది బొంబాయి వాళ్లు తీసేవాళ్లు. "బొంబాయిల ఏడ్సిన ఏడుపే మద్రాసుల మళ్ల ఏడుస్తున్నరు. వీళ్లకు వేరే తక్లీఫ్‌లే దొరకలేదా?" అనేది. అయినా ఆ రెండోదీ వదిలేది కాదు. వెళ్లి చూసి, పాతదానితో పక్కపక్కన పెట్టి తూచి, రెండింటినీ తిట్టేది. మా అత్తగారు చాటలో బియ్యం పక్కన పెట్టి మరీ వినేది. "బీబీ, నువ్వు చెప్పినంక నాకు చూడబుద్ది అయితలేదు, పైసలు మిగిలినయ్" అని నవ్వేది. నన్ను ఆమెతో పంపించింది కూడా అత్తగారే. ఖాలాతో పోతే పరువుకు లోటు లేదని ఆవిడ నమ్మకం.

సికింద్రాబాదు హాళ్లలో అప్పట్లో ఆడవాళ్ల తరగతికి ముందు నల్లని పరదా వేలాడేది. దీపాలు ఆరిపోయాక ఆయా దాన్ని పక్కకు లాగేది, మళ్లీ వెలిగేలోపల మూసేసేది. సినిమాకు ముందు యుద్ధం బొమ్మలు, సర్కారు వార్తలు వేసేవాళ్లు. ఖాలా అవి అయిపోయేదాకా లోపల అడుగు పెట్టేది కాదు. మెట్ల మీద కూర్చుని వేయించిన పల్లీలు తినేది, నాకూ పెట్టేది. "పైసలిచ్చి ఫౌజును చూసుడేంది పిల్లా? మన కంటోన్మెంటుల ముఫ్తుల కనబడుతలేరా?" అనేది. లోపల పాట మొదలైతే అప్పుడు లేచి పొట్టు దులుపుకునేది.

ఆమె మొగుడు ఒక్క సినిమా కూడా చూసినవాడు కాదు. మాట తక్కువ మనిషి. నాకు బాగా గుర్తున్నది ఆయన వీపు, నడుము. కళాయి పెట్టే ముందు పెద్ద గిన్నెలకు పట్టిన చిలుము వదలగొట్టాలి. అందుకు గిన్నెలో ఇసుక పోసి, వట్టికాళ్లతో అందులో ఎక్కి, రెండు చేతులూ గోడకు ఆనించి నడుమును కుడికీ ఎడమకూ తిప్పుతూ పాదాలతో తోముతారు. చిన్నప్పటి నుంచీ అదే పని కాబట్టి ఆయన ఊరికే నిలబడ్డా నడుము దానంతటది తిరిగేది. దుకాణం దగ్గర ఉప్పు కోసం నిలబడ్డా అంతే. గల్లీ పిల్లలు వెనకాల నిలబడి అట్లాగే తిరిగేవాళ్లు. ఖాలా వాళ్లను తరిమి, తనూ నవ్వుకునేది.

ఏటా వానలు తగ్గుముఖం పట్టగానే ఆయన కొలిమి తిత్తి, తగరం మూట కట్టుకుని బీదరు దిక్కు ఊళ్లకు పోయేవాడు. దసరాకు ఇంటింటా గిన్నెలు కళాయి పెట్టించుకుంటారు గదా, అది వాళ్లకు పని ఉండే కాలం. నలభై ఎనిమిదిలో మాత్రం కాలం బాగాలేదని అందరికీ తెలుసు. రజాకార్ల భయానికి మా పుట్టింటివాళ్లు ఇల్లూ పొలమూ వదిలేసి నిజాం సరిహద్దు దాటి పోయి ఉన్నారు. స్టేషన్లో ఎప్పుడు చూసినా మూటలు, పిల్లలు, ఏడుపులు. "ఈ ఏడు పోకు" అని ఖాలా అన్నది, మా అత్తగారూ అన్నది. "గిన్నెలకు ఏం తెలుస్తది లడాయి సంగతి? చిలుము పడుతనే ఉంటది" అని ఆయన వెళ్లిపోయాడు. ఆయన నోట నేను విన్న అతి పెద్ద మాట అదే.

తర్వాత యూనియన్ ఫౌజు వచ్చింది, అంతా కొద్ది రోజుల్లో ముగిసిపోయింది. మా గల్లీలో మిఠాయి పంచారు. మాకు సంతోషమే, అబద్ధం ఎందుకు చెప్పాలి? మా వాళ్లు ఇళ్లకు తిరిగి రావచ్చు. ఖాలా కూడా ఒక లడ్డూ తీసుకుని, "ఇగ లడాయి ఒడిసింది. బండ్లు నడుస్తయ్. మా ఆయన దసరా అయినంక వస్తడు" అన్నది.

దసరా అయింది, దీపావళి అయింది. ఆయన రాలేదు.

బీదరు దిక్కు నుంచి ఒకడు వచ్చి, కాప్రా చెరువు దగ్గర ఉండే ఖాలా తమ్ముడికి కబురు చెప్పాడు. ఫౌజు వచ్చి పోయిన తర్వాత ఆ ఊళ్లలో పగలు తీర్చుకున్నారట. తురకల ఇళ్లు తగలబెట్టారట. మగవాళ్లను పట్టుకుపోయారట, కొందరిని బావుల్లో వేశారట. కళాయి వాళ్లు బస చేసిన సరాయిలో ఎవరూ మిగల్లేదట. మేం మిఠాయి తిన్న రోజుల్లోనే అదంతా జరిగింది. ఆ మాట విన్న తర్వాత చాలాకాలం నాకు లడ్డూ గొంతు దిగలేదు.

తమ్ముడు వచ్చి తలవంచుకుని కూర్చున్నాడు. "ఆపా, గాజులు తీసెయ్యి. ఇద్దత్‌కు కూసో" అన్నాడు. మొగుడు పోయిన ఆడమనిషి తెల్ల బట్ట కట్టుకుని నాలుగు నెలల పైచిలుకు ఇల్లు కదలకుండా ఉండాలి, దాన్నే ఇద్దత్ అంటారు.

"చెప్పినోడు కండ్లతోని చూసిండా?" అన్నది ఖాలా.

"లేదు. విన్నడు."

"విన్నదానికి నేను రాండనైతనా? పో, అన్నం తిని పో."

ఆ తర్వాత ఆమె ఎవరితోనూ మాట్లాడడం మానేసింది. వాకిట్లో ఆయన కొలిమి గుంట అట్లాగే ఉంది, అందులో బూడిద కూడా ఎత్తలేదు. ఒకరోజు మా అత్తగారు, "ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తది ఆమెకు. సిన్మాకన్న తీస్కపోవే" అని నన్ను పంపింది. మ్యాట్నీకి బలవంతాన తీసుకుపోయాను. ముందు వేసే వార్తల్లో మన హైదరాబాదు సంగతి చూపిస్తున్నారని అందరూ చెప్పుకుంటున్నారు. నాకు చూడాలని ఉంది. మెట్ల మీద కూర్చోబోతున్న ఆమెను చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయాను.

తెర మీద టాంకులు పోయాయి, జెండాలు పోయాయి, దండలు పోయాయి. ఆ తర్వాత ఎక్కడో ఒక ముళ్లకంచె, లోపల ఫౌజుకు పట్టుబడ్డ మగవాళ్లు వరుస కట్టి ఉన్నారు, ఎవరో రొట్టెలు పంచుతున్నారు. వరుస చివర ఒకడు మనకు వీపు పెట్టి, కంచె గుంజకు రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. నడుము కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది. అంతే, బొమ్మ మారిపోయింది, ఎవరో పెద్దమనిషి కారు దిగుతున్నాడు.

ఖాలా లేచి నిలబడింది. "ఆపున్రి! గదే మా ఆయన! జెర ఆపున్రి!" అని అరిచింది. వెనకవాళ్లు కూర్చోమని కసిరారు. ఆయా పరుగెత్తుకొచ్చింది. నేను ఆమెను కూర్చోమనలేదు, ఎందుకంటే నేనూ చూశాను, నాకూ ఆయన నడుమే అనిపించింది.

సినిమా చూడకుండా బయటికొచ్చేశాం. దారిలో ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది. "సిన్మా అంటె మొఖం తిప్పుకునేటోడు. ఆఖరికి సిన్మాల పడ్డా మొఖం తిప్పుకునే నిలబడ్డడు, చూసినవా పిల్లా!"

మర్నాడు ఆట మొదలయ్యే ముందు ఇద్దరం పైన మెషిన్ గదికి ఎక్కాం. మెషిన్ నడిపే మనిషి మంచివాడే. "భయ్యా, గా రొట్టెల కాడికి రాంగనె జెర ఆపు. ఒక్కసారి మంచిగ చూస్త" అని ఖాలా బతిమాలింది.

"ఆపరాదమ్మా. దీపం వేడికి రీలు కాలుతది. ఆపిన కాడనే మచ్చ పడి మంట లేస్తది" అన్నాడు.

ఖాలా రెండడుగులు వెనక్కి వేసింది. "ఒద్దు, ఒద్దు. ఆపకు భయ్యా. నడవనియ్యి."

అప్పటి నుంచి ఆమె రోజూ మ్యాట్నీకి పోయేది. దీపాలు ఆరకముందే వెళ్లి కూర్చునేది, వార్తలు కాగానే లేచి వచ్చేసేది. అసలు బొమ్మ ఏదో కూడా ఆమెకు పట్టలేదు. కొత్తది వచ్చినా, ఆమెకు కోపం తెప్పించే రెండోసారి తీసినది వచ్చినా పేరు అడగలేదు. ఆ రీలు ఒక హాలు నుంచి ఇంకో హాలుకు మారితే ఆయాలను అడిగి తెలుసుకుని అక్కడికి పోయేది. కొన్నిసార్లు నేను తోడు పోయేదాన్ని. ఆ ముళ్లకంచె వచ్చేముందు ఆమె నా చెయ్యి పట్టుకునేది. అది పోగానే వదిలేసేది.

మా ఆయన రైల్వే ఆఫీసులో పని చేసేవాడు, తెలిసినవాళ్లందరినీ అడిగాడు. అది ఏ క్యాంపు బొమ్మో ఎవరూ చెప్పలేకపోయారు. ఖాలా తమ్ముడు కూడా వచ్చి మగవాళ్ల తరగతిలో కూర్చుని చూశాడు. బయటికొచ్చి, "వీపు చూసి ఎట్ల చెప్తవు ఆపా? మన జమాతోళ్లు ఏమంటున్నరో తెలుసా? మొగుడు సస్తే సిన్మాలు తిరుగుతున్నదంటున్నరు. నా ఇజ్జత్ పోతున్నది" అన్నాడు.

"ఇద్దత్‌కు కూసుంటె నేను బయటికి రారాదు. నేను రాకపోతే ఆయన్ను ఎవరు చూస్తరు?" అన్నది ఖాలా. "నేను కూసున్ననాడే ఆయన సచ్చినట్టు. నేను సంప."

తమ్ముడు కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఆమె మీద వచ్చేది, అప్పుడప్పుడు. చిక్కి సగమైపోయింది. అయినా ఆమె మాట తప్పని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పాలని కూడా లేదు. ఆయన వస్తాడని నేనూ నమ్మడం మొదలుపెట్టాను.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇద్దరం వాకిట్లో ఉండగా ఒక మనిషి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది, చొక్కా వదులుగా వేలాడుతోంది. సలాం చేసి, "ఆపా, కార్ఖానాల కళాయి పనోని ఇల్లు ఇదేనా?" అన్నాడు.

ఖాలా ఔనంది.

"నాది సుత గదే పని. బీదరు దిక్కు పట్టుకపోయిన్రు, క్యాంపుల ఏసిన్రు. మొన్న ఇడిసిపెట్టిన్రు. మా పనోళ్లు చెప్పిన్రు, ఒక ఆపా సిన్మాల మొగుణ్ని చూసిందని, ఇద్దత్‌కు కూసుంటలేదని. రొట్టెలు పంచుతుంటె బొమ్మ తీసిన్రు ఆపా, నాకు యాదికున్నది. కంచె గుంజ పట్టుకున్నది నేను."

"అబద్ధం" అన్నది ఖాలా.

ఖాలా లోపలికి పోయి తన ఇత్తడి గంగాళం ఎత్తుకొచ్చి గోడ పక్కన దించింది. ఇంత ఇసుక పోసింది. "ఎక్కు" అన్నది.

అతను చెప్పులు విడిచాడు. గంగాళంలోకి ఎక్కి, మాకు వీపు పెట్టి, రెండు చేతులూ గోడకు ఆనించాడు. నడుము కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది. ఆ పని చేసేవాళ్లందరికీ అదే తిరుగుడు. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. పనివాడి నడుము వేరు, మొగుడి నడుము వేరు అనుకుంది, అంతే. పాదాల కింద ఇసుక గరగరలాడుతోంది. ఖాలా గడప మీద కూర్చుని చాలాసేపు చూసింది. నేను ఆమె మొహం చూడలేక నేల చూశాను.

"చాలు. దిగు" అన్నది చివరికి. "మా ఆయన్ను చూసినవా ఆడ?"

"లేదు ఆపా. నేనున్న కాడ కళాయి పనోణ్ని నేనొక్కణ్నే."

ఆమె లేచి అతనికి నీళ్లిచ్చింది. అన్నం పెట్టింది. అతను ఆకలిమీద తింటుంటే కూర రెండుసార్లు వడ్డించింది. చేతులు కడుక్కుంటున్నప్పుడు అడిగింది, "ఈ సంగతి ఎవరికి చెప్పినవ్?"

"ఇంక ఎవరికీ చెప్పలే. కాప్రాకు పోయి మీ తమ్మునికి చెప్దామని."

"ఒద్దు. గా రీలు ఇంక శుక్రారం దాంక నడుస్తదట, ఆయా చెప్పింది. తర్వాత ఊరు దాటిపోతదట. గప్పటి దాంక ఎవరికీ చెప్పకు."

అతను తికమకపడ్డాడు. "ఎందుకు ఆపా? ఆడున్నది నేనే గదా?"

"నాకు తెలుసు. నువ్వు గిట్ల నా ముంగట నిలబడితె ఇంకా తెల్వకుంటదా?" అన్నది. "శుక్రారం దాంక ఆయన్ను ఉండనియ్యి. నీకు దండం పెడుత."

అతను ఆమె చేతులు కిందకు దించి, తలూపి వెళ్లిపోయాడు. నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. గంగాళంలో ఇసుక దులిపి బోర్లించింది.

ఆ మిగిలిన రోజులు కూడా ఆమె మ్యాట్నీకి పోయింది. నేనూ పోయాను. ముళ్లకంచె వచ్చేముందు ఎప్పటిలాగే నా చెయ్యి పట్టుకునేది. ఆఖరి రోజు రీలు అయిపోయింది. నేను లేవబోయాను. ఆమె లేవలేదు. అసలు బొమ్మ మొదలైంది. బొంబాయి వాళ్లు తీసిన కథనే మద్రాసు వాళ్లు మళ్లీ తీశారు. ఓడ మునిగి మొగుడు కనబడకుండా పోయిన ఒక ఆడమనిషి కథ. బొంబాయి బొమ్మ మేమిద్దరం అంతకుముందు చూసిందే. పోదాం పద అని చెయ్యి పట్టి లాగాను. ఆమె కదల్లేదు. పరదా మూసేదాకా కూర్చుని మొత్తం చూసింది.

తిరిగొచ్చేటప్పుడు రిక్షా ఎక్కాం. అలవాటు కొద్దీ, "ఎట్లున్నది ఖాలా బొమ్మ?" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"బొంబాయోళ్లు ఆఖర్ల మొగుణ్ని ఇంటికి తోలిచ్చిన్రు" అన్నది. "గీళ్లు తోలియ్యలే. ఆమె ఒడ్డు మీద కూసున్నది, పొద్దు గూకింది, ఒడిసింది."

గల్లీ మలుపు రాగానే నా వైపు తిరిగింది.

"గీళ్లు తీసిందే సరి. పిల్లా, ఇంటికి పోంగనె మీ ఆయన్ను కాప్రా తోలు. తెల్ల బట్ట తీస్కరమ్మని మా తమ్మునికి చెప్పుమను."